వెనక వరస నుంచి మొదలైన నవ్వు

అక్టోబరు 25 వస్తే దూరదర్శన్ చూసి పెరిగిన ఇళ్ళలో ఇద్దరు హాస్యనటుల ముఖాలు గుర్తొస్తాయి. 2012లో ఆ తేదీన జస్పాల్ భట్టి పంజాబ్‌లో రోడ్డు ప్రమాదంలో పోయారు. 2025లో సరిగ్గా అదే తేదీన సతీశ్ షా పోయారు. ఒకరిది సర్కారీ ఆఫీసులో గుమాస్తాలా ఉండే గడ్డం ముఖం, ఇంకొకరిది వారానికో వేషం కట్టిన బొద్దు ముఖం. ఆ తేదీ దగ్గరపడగానే పాత ఎపిసోడ్ల ముక్కలు ఒకరి ఫోన్ నుంచి ఒకరి ఫోన్‌కి చేరతాయి. పెద్దవాళ్ళు చూసి నవ్వుకుంటారు. పక్కనే ఉన్న పదకొండేళ్ళ పిల్ల తొంగిచూసి, ‘ఇందులో నవ్వడానికేముంది?’ అని వెళ్ళిపోతుంది.

ఆ పిల్లది తప్పు కాదు. భట్టి దగ్గర నవ్వడానికి చాలా ఉంది. మధ్యలో ఏదో తెగిపోయింది. అది ఎక్కడ తెగిందో, ఆ పాత హాస్యాన్ని ఇప్పటి పిల్లలకి ఎలా చూపించాలో తెలియాలంటే అప్పట్లో ఆ కార్యక్రమాలని ఎలా చూశామో ఒకసారి తలుచుకోవాలి.

చాప మీద పిల్లలు, కుర్చీల్లో పెద్దలు

1984 నుంచి చిన్న చిన్న పట్టణాల్లో కూడా 100 వాట్ల రిలే ట్రాన్స్‌మిటర్లు లేచాయి. ఊళ్ళో టీవీ వచ్చిందంటే ముందు డాబా మీద యాంటెన్నా లేచేది. ఇనప గొట్టం మీద అడ్డంగా అల్యూమినియం కడ్డీలు. అన్నిటికంటే పొడుగైనది వెనకవైపు, దాని ముందు మడతపెట్టినట్టుండే కడ్డీ, ఆ ముందు వరసగా పొట్టివి. పొట్టి కడ్డీలు ట్రాన్స్‌మిటర్ ఉన్న దిక్కుకి చూడాలి. మడత కడ్డీ నుంచి చదునైన రిబ్బన్ వైరు కిటికీలోంచి లోపలికి దిగేది. గాలికి ఆ వైరు గోడకి కొట్టుకున్నా, వానకి అతుకుల దగ్గర తుప్పుపట్టినా తెర నిండా చుక్కలే.

డాబా మీద ఒకరు, కిటికీ దగ్గర ఒకరు, టీవీ ముందు ఒకరు. ‘వచ్చిందా?’ ‘కొంచెం కుడికి... ఆఁ ఆఁ... పోయింది, పోయింది, వెనక్కి తిప్పు!’ గొట్టం మీద కాకి వాలితే బొమ్మ వణికేది. ట్రాన్స్‌మిటర్‌కి దూరంగా ఉన్న పల్లెల్లో ఇంకో గొట్టం అతికి ఎత్తు పెంచి, బూస్టరు పెట్టేవాళ్ళు. బూస్టరు బొమ్మతో పాటు గరగరని కూడా పెంచేది. టీవీ పక్కన స్టెబిలైజరు, దాని మీద ఊగుతున్న ముల్లు. టీవీకి చెక్క తలుపులు, వాటి మీద ఎంబ్రాయిడరీ గుడ్డ. హైదరాబాదు ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ ఉన్న ఇంటికి అదో గర్వం.

ఆ గదిలో కూర్చునే పద్ధతి ఒకటుండేది. ముందు చాప మీద పిల్లలు. వెనక కుర్చీల్లో, మంచం మీద ఇంటి పెద్దలు. గుమ్మంలో నిలబడి ఇరుగుపొరుగు. రాత్రి హిందీ వార్తలయ్యాక జాతీయ కార్యక్రమం వచ్చేది, అంతా హిందీలోనే. తెలుగిళ్ళలో ఆ హిందీ అందరికీ అందేది కాదు. రైల్వేలోనో బ్యాంకులోనో చేస్తూ ఉత్తరాదిన తిరిగొచ్చిన మామయ్యకి అందేది. హిందీ ప్రచార సభ పరీక్షలు కట్టి విశారద దాకా వచ్చిన అక్కయ్యకి అందేది. హైదరాబాదు పాతబస్తీ పక్క ఇళ్ళలో అందరికీ అందేది. అందువల్ల జోకు పేలగానే నవ్వు వెనక వరసలో మొదలయ్యేది. ఆ నవ్వు విని పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ తర్వాత ఒకడు వెనక్కి తిరిగి ‘ఏమన్నాడు మామయ్యా?’ అనేవాడు. మామయ్య చెప్పేవాడు. అప్పుడు పిల్లలు రెండోసారి, ఈసారి తెలిసి నవ్వేవాళ్ళు.

పాత హాస్య కార్యక్రమాలు పిల్లలకి తగినవేనా అని అడిగేవాళ్ళకి ముందుగా చెప్పవలసింది ఇదే. అవేవీ పిల్లల కోసం తీసినవి కావు. జీతం మీద బతికే నడివయసు మనిషి కోసం తీసినవి. పిల్లలకి అవి పట్టుబడ్డాయంటే కారణం ఆ వెనక వరసే.

వారానికో వేషం

1984లో వచ్చిన ‘యే జో హై జిందగీ’ అసలు ఒక కుటుంబం కథ. కుందన్ షా, మంజుల్ సిన్హా దర్శకులు, శరద్ జోషీ రచయిత. షఫీ ఇనాందార్, స్వరూప్ సంపత్ భార్యాభర్తలు, రాకేశ్ బేదీ తమ్ముడు. కానీ చాపమీది పిల్లలు ఎదురుచూసింది సతీశ్ షా కోసం. ప్రతి వారం ఆయన ఒక కొత్త మనిషి. ఒకసారి పైఅధికారి, ఒకసారి చుట్టం, ఒకసారి ఎవరో దారినపోయేవాడు. మీసం మారేది, యాస మారేది, నడక మారేది. ‘అదుగో వచ్చాడు, ఇవాళ ఏ వేషం?’ అని ముందు ఎవరు పసిగడితే వాళ్ళు గెలిచినట్టు.

ఇవాళ పదేళ్ళ పిల్లకి ఈ సీరియల్ చూపించాలనుకుంటే ఆ ఆట నుంచే మొదలుపెట్టాలి. కథ చెప్పనక్కర్లేదు. ‘ఈ బొద్దాయన ఈ ఎపిసోడ్‌లో ఎక్కడున్నాడో కనిపెట్టు’ అంటే చాలు. రెండు మూడు ఎపిసోడ్లు వరసగా వేస్తే ఒకే మనిషి గొంతుని, భుజాలని ఎలా మారుస్తున్నాడో పిల్లలే పట్టుకుంటారు. పదేళ్ళు దాటాక పిల్లలకి నటన అనేది కళ్ళకి కనబడ్డం మొదలవుతుంది. అంతకు ముందు పాత్రే కనబడుతుంది.

ఇందులో వాళ్ళకి అడ్డొచ్చేది వెనక అతికించిన నవ్వులు. మనకి అది అలవాటు. ఇప్పటి పిల్లలకి చిరాకు, ‘ఎవరు వీళ్ళు, ఎందుకు నవ్వుతున్నారు?’ అంటారు. హాల్లో జనం నవ్వినట్టుండాలని రికార్డు చేసిన నవ్వు కలిపేవాళ్ళని ముందే చెబితే, నవ్వు ఎక్కడ సరిగ్గా పడిందో, ఎక్కడ తొందరపడిందో వాళ్ళే లెక్కపెడతారు.

ఫోన్ డెడ్ అంటే ఏమిటో తెలియాలి

జస్పాల్ భట్టి చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగు, చండీగఢ్‌లో. కాలేజీ రోజుల్లోనే నాన్సెన్స్ క్లబ్ పేరుతో వీధిలో హాస్యం మొదలుపెట్టారు. దూరదర్శన్‌లో ముందు ‘ఉల్టా పుల్టా’ అని కొద్ది నిమిషాల తునకలు. తర్వాత 1989లో ‘ఫ్లాప్ షో’. మొత్తం 10 ఎపిసోడ్లే. ఇంత తక్కువ తీసి ఇన్నేళ్ళు నిలిచిన హాస్య కార్యక్రమం మన దేశంలో ఇంకోటి చెప్పడం కష్టం. భార్య సవితా భట్టి, వివేక్ షౌక్ తోడు నటులు. పెద్ద సెట్లు లేవు, ఖర్చు లేదు. ఎపిసోడ్ మొదట్లో అది ఎవరికి అంకితమో చెప్పేవారు, ఎవరిని ఎండగట్టబోతున్నారో వాళ్ళకే అంకితం. చివర్లో ఒక సినిమా పాటకి పేరడీ.

ఒక్కో ఎపిసోడ్‌కీ ఒక్కో జాడ్యం. చెడిపోయిన టెలిఫోన్. దొంగ మెడికల్ బిల్లులు. రీసెర్చి స్టూడెంటు చేత ఇంటిపనులు చేయించుకునే పీహెచ్‌డీ గైడు. ఏమీ తేలని ఆఫీసు మీటింగు. వెనక వరసలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఇందులో ఏదో ఒకటి ఒంటికి తగిలిందే.

ఈ షోలో బూతు లేదు, కొట్టుకోవడాలు లేవు, పిల్లలు చూడకూడని దృశ్యం లేదు. ఆ మేరకు నిశ్చింతగా చూపించొచ్చు. కష్టమంతా వేరే చోట. ఫోన్ ఎపిసోడ్‌లో నవ్వు పుట్టాలంటే ఫోన్ డెడ్ అవడం అంటే ఏమిటో తెలియాలి. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో నాలుగు ఫోన్లున్న పిల్లకి ఆ బాధ ఎలా తెలుస్తుంది? కాబట్టి ముందు ఐదు నిమిషాలు పాత ఫోన్ సంగతి చెప్పాలి. చెప్పేటప్పుడు వివరంగా చెప్పాలి, ‘అప్పట్లో ఫోన్లుండేవి కావు’ అంటే సరిపోదు.

ఫోన్ కావాలంటే డిపాజిట్టు కట్టి వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి చూడాలి. ఫోన్ లేనివాళ్ళు విజిటింగ్ కార్డు మీద పక్కింటివాళ్ళ నంబరు వేసి దాని పక్కన పీపీ అని రాసుకునేవాళ్ళు. ఫోన్ వస్తే ఆ పక్కింటి పిల్లాడు పరిగెత్తుకొచ్చి ‘మీకు ఫోనొచ్చింది’ అనేవాడు. చెప్పులేసుకునే తీరిక కూడా ఉండేది కాదు. వేరే ఊరికి మాట్లాడాలంటే ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి ట్రంక్ కాల్ బుక్ చేయాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. లైట్నింగ్ కాల్‌కి ఆర్డినరీకి ఎనిమిదింతల ఛార్జీ. చావుకబురుకో పురుడుకో తప్ప ఎవరూ దాని జోలికి పోయేవాళ్ళు కాదు. బుక్ చేసి రిసీవరు పెట్టేసి, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకుండా గంటల కొద్దీ కూర్చోవడం. కలిశాక ‘హలో హలో వినబడుతోందా’తో సగం సమయం అయిపోయేది. అలాంటి ఫోన్ ఒక వానకి మూగబోతే, కంప్లయింటు రాయించి, లైన్‌మన్ కోసం ఎదురుచూసి, వచ్చినవాడికి మామూలు ఇచ్చి, మళ్ళీ రెండ్రోజులకి పోతే మళ్ళీ మొదటికి.

ఇంత చెప్పాక ఎపిసోడ్ వేస్తే పిల్ల నవ్వుతుంది. చెప్పకుండా వేస్తే పెద్దలు అరుస్తున్నారనుకుని లేచిపోతుంది. రెండింటికీ తేడా ఆ ఐదు నిమిషాలే.

మెడికల్ బిల్లుల ఎపిసోడ్‌కి ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఎవరైనా ఉంటే పని తేలిక. రీయింబర్స్‌మెంట్ అంటే ముందు మన డబ్బుతో మందులు కొనుక్కుని, బిల్లులూ డాక్టరు సర్టిఫికెట్టూ జతపరిచి ఆఫీసుకిస్తే తిరిగొచ్చే డబ్బు అని ఒక్క మాటలో చెప్పొచ్చు. పన్నెండేళ్ళ పిల్ల వెంటనే అడిగే ప్రశ్న: ‘దొంగ బిల్లు పెడితే ఎవరు కనుక్కుంటారు?’ ఆ ఎపిసోడ్ అంతా నడిచేది ఆ ప్రశ్న మీదే. అంటే జోకు చేరినట్టే లెక్క.

పీహెచ్‌డీ ఎపిసోడ్ మాత్రం పదమూడు దాటాకే మేలు. అంతకు ముందు వయసుకి గైడు, థీసిస్, సంతకం కోసం ఏళ్ళ తరబడి పడిగాపులు, ఇవన్నీ చాలా దూరపు లోకం. అదే మీటింగు ఎపిసోడ్‌కి వివరణ అసలు అక్కర్లేదు. క్లాసులో లీడర్లు కూర్చుని వార్షికోత్సవం గురించి గంట మాట్లాడి ఏమీ తేల్చకుండా లేచిన అనుభవం వాళ్ళకీ ఉంటుంది. అందుకే ఫ్లాప్ షోని 1989లో వచ్చిన వరసలో చూపించకూడదు. మీటింగు ముందు, మెడికల్ బిల్లులు తర్వాత, ఫోన్ ఆ తర్వాత. మిగతావి పిల్ల అడిగితే.

చివరి పేరడీ పాట దగ్గర కూడా ఒక పని ఉంది. అసలు పాట తెలియకపోతే పేరడీ మామూలు పాటే. ఎపిసోడ్‌కి ముందు రోజు కారులోనో వంటింట్లోనో అసలు పాట ఒకసారి వినిపిస్తే చాలు, మర్నాడు పిల్లలే ‘ఇది ఆ పాట కదా!’ అని లేచి కూర్చుంటారు.

మాటల్లేని మనిషి

భట్టి లాగే ఇంకో ఎలక్ట్రికల్ ఇంజినీరు ఇంగ్లండులో ఉన్నాడు, రోవన్ అట్కిన్సన్. ఆయన నటించిన మిస్టర్ బీన్ మొదటి ఎపిసోడ్ 1990 జనవరి 1న బ్రిటన్ ఐటీవీలో వచ్చింది. మొత్తం తీసింది 15 ఎపిసోడ్లు. కేబుల్ వచ్చాక, ఆ తర్వాత పోగో ఛానెల్ రోజుల్లో మన ఇళ్ళలో ఈయన్ని చూడని పిల్ల లేదు. ఇక్కడ వెనక వరసకి పని లేదు. బామ్మ, మనవడు ఒకేసారి నవ్విన మొదటి విదేశీ కార్యక్రమం బహుశా ఇదే.

ఇప్పటి పిల్లలకి బీన్ అంటే 2002లో మొదలైన కార్టూనే ముందు తెలుసు. మనిషి బీన్‌ని చూపిస్తే మొదట నెమ్మదిగా ఉందంటారు. ఆ నెమ్మదిలోనే అసలు సరుకుంది. పార్కు బెంచీ మీద శాండ్‌విచ్ చేసుకునే తునక తీసుకోండి. జేబులోంచి కత్తెర తీసి బ్రెడ్డు కత్తిరిస్తాడు. ఆకుకూర కడిగి మేజోడులో పెట్టి గిరగిరా తిప్పి నీళ్ళు పిండుతాడు. మిరియాలు బూటుతో కొడతాడు. వేడినీళ్ళ సంచీలో టీ కాస్తాడు. పక్కన కూర్చున్నాయన తన శాండ్‌విచ్ చేతిలో పట్టుకుని ఇదంతా చూస్తుంటాడు. మధ్యలో ఏ ఒక్క పని కత్తిరించినా చివర వచ్చే తుమ్ము పేలదు. పదిహేను సెకన్ల వీడియోలకి అలవాటైన కళ్ళకి ఒక జోకు కోసం కొన్ని నిమిషాలు ఓపిక పట్టడం నేర్పడానికి ఇంతకంటే మంచి తునక దొరకదు. బతికున్న చేపల్ని బల్లకేసి కొట్టే చోట మెత్తటి మనసున్న పిల్లలు మొహం తిప్పుకుంటారు, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

మొదటి ఎపిసోడ్‌లోని పరీక్ష తునక పది పన్నెండేళ్ళ వాళ్ళకి అచ్చంగా సరిపోతుంది. చదివిందొకటి, కాగితంలో వచ్చిందొకటి, పక్కవాడి పేపరులోకి తొంగిచూపులు. ట్యూషన్లలో మగ్గుతున్న మన పిల్లలకి అది చెప్పకుండానే తెలుస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర తన పంటికి తానే సిమెంటు పెట్టుకోవడం, కారులో చోటు లేక కారు పైన కుర్చీ వేసుకుని తాళ్ళతో, చీపురుతో నడపడం, ఇవీ అంతే. చర్చి తునకకి మాత్రం ఒక్క మాట చాలు: ప్రార్థనలో తుమ్మకూడదు, నిద్రపోకూడదు, నవ్వకూడదు. గుళ్ళో హారతి వేళ నవ్వు ఆపుకున్న పిల్లలకి అదేం కొత్త కాదు.

బీన్‌లో జాగ్రత్త పడవలసింది బట్టల దగ్గర. మొదటి ఎపిసోడ్‌లోనే బీచిలో ప్యాంటు మార్చుకునే తునక ఉంది. తర్వాతి ఎపిసోడ్లలో ఈతకొలనులో నిక్కరు పోగొట్టుకునే తునక, హోటలు వరండాలో బట్టల్లేకుండా గది బయట ఇరుక్కునే తునక ఉన్నాయి. దేంట్లోనూ చెడ్డ ఉద్దేశం లేదు, అయినా తాతగారి పక్కన కూర్చుని చూసే పన్నెండేళ్ళ పిల్ల బిగుసుకుపోతుంది. వాటిని మొదట్లో పక్కనపెట్టడమే నయం. ఒక్కో ఎపిసోడ్ 25 నిమిషాలే, అందులో రెండు మూడు తునకలుంటాయి. పెద్దవాళ్ళు ఒకసారి ముందే చూసి ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అని కాగితం మీద రాసుకుంటే ఈ ఇబ్బంది రాదు.

తెలుగులో

తెలుగు పిల్లలకి పాత హాస్యం అనగానే హిందీ ఎందుకన్న ప్రశ్న రావాలి. 90ల్లో దూరదర్శన్ హైదరాబాదు కేంద్రంలో ఆనందోబ్రహ్మతో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఇంటింటి మనిషయ్యారు. ఆ మొహంలో ఏ కదలికా లేకుండా మాట విసిరే తీరు తర్వాత సినిమాల్లో అందరూ చూశారు, కానీ మొదట చూసింది టీవీ ముందు కూర్చున్నవాళ్ళు. దానికంటే ముందు నేరెళ్ళ వేణుమాధవ్ మిమిక్రీ. వరంగల్ మనిషి, మైకు ముందు నిలబడి ఒక్క గొంతుతో హాలంతా మనుషుల్ని నింపేవారు. మిమిక్రీ వినిపించాలంటే అసలు గొంతు కూడా పిల్లలకి తెలియాలి. ఎన్టీఆర్, ఎస్వీఆర్ గొంతులు రెండు నిమిషాలు వినిపించి తర్వాత మిమిక్రీ వేస్తే ఎంత తేడా ఉంటుందో చేసి చూస్తే తెలుస్తుంది.

ఇక ‘అమృతం’. 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా వచ్చింది. గుణ్ణం గంగరాజు నిర్మాత. ఇది తునకల కార్యక్రమం కాదు, అదే హోటలు, అదే అమృతరావు, అదే ఆంజనేయులు, అదే సర్వం, అద్దె అడిగే అప్పాజీ. కానీ చాలా ఎపిసోడ్లు వేటికవే ముగుస్తాయి కాబట్టి మధ్యలోంచి చూసినా అర్థమవుతుంది. ఆదివారం రాత్రి ఆ టైటిల్ పాట మొదలవగానే వీధిలో అన్ని ఇళ్ళ నుంచీ ఒకే పాట వినిపించేది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. మర్నాడు బడికెళ్ళాలన్న దిగులు అరగంట వాయిదా పడేది.

పదేళ్ళ పిల్లకి మొట్టమొదట చూపించవలసింది అమృతమే. భాష మనది, హోటలు మనది, ఇద్దరు స్నేహితులు తొందరగా డబ్బు సంపాదించాలని వేసే పథకాలు ఏ వయసువాళ్ళకైనా తెలుస్తాయి. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు భయపడే తీరు, ఆ కళ్ళు, ఆ మెడ, అదొక్కటే ఒక పాఠం. 2018లో ఆయన పోయినప్పుడు పెద్దవాళ్ళ కంటే ఆ సీరియల్ చూసి పెరిగిన కుర్రాళ్ళు ఎక్కువ బాధపడ్డారు.

ఆపి మాట్లాడవలసినవి

పాతదంతా శుభ్రం అనే మాట నిజం కాదు. అప్పటి హాస్యంలో నత్తి మీద నవ్వు ఉంది, లావు మీద ఉంది, నలుపు మీద ఉంది, పెళ్ళాం గయ్యాళిదనీ మొగుడు చవటనీ ఉంది, చీర కట్టిన మగవాడి మీద ఉంది. వెనక వరస వాటికి కూడా నవ్వింది. ఆ గదిలో నత్తి ఉన్న పిల్లాడో, నల్లటి పిల్లో చాప మీద కూర్చుని ఉంటే వాళ్ళు తలవంచుకునేవాళ్ళు. అప్పుడెవరూ అది పట్టించుకోలేదు.

1977లో బ్రిటన్‌లో మొదలైన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ ఇందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లీషు నేర్చుకోవడానికొచ్చిన రకరకాల దేశాలవాళ్ళ క్లాసు. సర్దార్జీ, పాకిస్తానీ ఒకరి మీద ఒకరు విరుచుకుపడతారు, భారతీయ మహిళ అల్లుకుంటూ కూర్చుంటుంది, జపాను ఆయన వంగి వంగి దండాలు పెడతాడు. భాషలో పొరపాట్లు నిజంగా నవ్వు తెప్పిస్తాయి. జాతుల మీద వేసిన ముద్రలు నవ్వు తెప్పించకూడదు. ఒకే వాక్యంలో రెండూ కలిసి ఉంటాయి. 90ల్లో పంకజ్ కపూర్‌తో హిందీలో ‘జబాన్ సంభాల్‌కే’గా వచ్చినప్పుడు దేశాల బదులు రాష్ట్రాలు కూడా చేరాయి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న తెలుగు పిల్లకి ఇది చూపిస్తే ఇంకో లోతు ఉంటుంది. తన యాసని ఎవరో క్లాసులో వెక్కిరించిన పిల్ల ఆ క్లాసుని చూసి ఎటువైపు నవ్వాలో తేల్చుకోలేదు. పన్నెండు నిండకుండా ఇది వద్దు. నిండాక చూపిస్తే పక్కన ఉండి తీరాలి, ఒక్క ఎపిసోడ్ చూసి ఆపి అడగాలి: ‘ఇందులో తప్పు మాట్లాడినందుకు నవ్వామా, ఆ దేశం వాడైనందుకు నవ్వామా?’ పన్నెండేళ్ళ పిల్లలు ఈ ప్రశ్నకి మనం అనుకున్నదానికంటే బాగా జవాబు చెబుతారు. ఉపన్యాసం మొదలుపెడితే మాత్రం లేచి వెళ్ళిపోతారు.

ఇప్పుడు టీవీలో వచ్చే స్కిట్ల కార్యక్రమాలతో పోలిస్తే పాతవి ఒక విషయంలో పిల్లలకి నిజంగా మేలు. ద్వంద్వార్థాలు దాదాపు లేవు. పిల్ల ‘అదేంటి?’ అని అడిగితే తల్లిదండ్రులు మాట మార్చవలసిన అవసరం చాలా తక్కువ. ఫోన్ గురించీ, బిల్లు గురించీ, మామూలు గురించీ అడుగుతుంది. వాటికి జవాబులున్నాయి.

తెర ముందు చేయవలసినవి

పాత ఎపిసోడ్లన్నీ 4:3 కొలతలో తీసినవి. ఇప్పటి వెడల్పు టీవీల్లో అవి సాగి, మనుషులు పొట్టిగా లావుగా కనిపిస్తారు. పిల్లలు మొదట నవ్వేది దానికే. సెట్టింగుల్లో పిక్చర్ సైజు 4:3కి మార్చాలి, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. కొందరు ఎక్కించిన వీడియోలే సాగదీసి ఉంటాయి, వాటిని వదిలేసి ఇంకో ప్రతి వెతకాలి. దూరదర్శన్ సొంతంగా పెట్టినవి ఉంటే అవే వాడటం మంచిది.

ధ్వని ఇంకో చిక్కు. పాత టేపుల్లో శబ్దం ఒకే దారి మీద, మాటలు లోపలెక్కడో గొణిగినట్టుంటాయి. సౌండ్‌బార్‌లో సినిమా మోడ్ పెడితే గుబగుబ పెరిగి మాటలు మునిగిపోతాయి. వాయిస్ లేదా న్యూస్ మోడ్ పెట్టి, బేస్ తగ్గించాలి. ఫ్లాప్ షోకి తెలుగు సబ్‌టైటిళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు. యంత్రం తనంతట తాను వేసేవి పంజాబీ యాస రాగానే ఏదేదో రాస్తాయి, పిల్లలు ఆ తప్పులు చదువుతూ అసలు జోకు వదిలేస్తారు. అవి ఆపేసి, మనిషి పక్కన కూర్చుని చెప్పడమే ఇప్పటికీ బాగా పనిచేసే పద్ధతి.

చెప్పడంలో కూడా ఒక పట్టు ఉంది. జోకుకి ముందు చెప్పకూడదు, జోకు మీద చెప్పకూడదు. సన్నివేశం అయ్యాక ఆపి, ఒక్క వాక్యంలో చెప్పి, పది సెకన్లు వెనక్కి జరిపి మళ్ళీ వేయాలి. మన మామయ్యలకి వెనక్కి జరిపే వీలు లేదు, అందుకే వాళ్ళు గబగబా చెప్పేవాళ్ళు, చెప్పేలోపు తర్వాతి జోకు దాటిపోయేది. ఆ వీలు ఇప్పుడు మన చేతిలో ఉంది.

పూటకి ఒక తునక చాలు, మహా అయితే ఒక ఎపిసోడ్. భోజనం అయ్యాక, పడుకునే ముందు. ఫోన్లు ఇంకో గదిలో. ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే వాళ్ళని తప్పకుండా కూర్చోబెట్టాలి, ట్రంక్ కాల్ సంగతి వాళ్ళు చెబితే వచ్చే రుచి వేరు. వాళ్ళు వేరే ఊళ్ళో ఉంటే వీడియో కాల్‌లో ఒక ఐదు నిమిషాలు అడిగించొచ్చు.

వరస ఇలా పెట్టుకుంటే తడబాటుండదు: అమృతం రెండు మూడు ఎపిసోడ్లు, తర్వాత బీన్ పరీక్ష తునక, శాండ్‌విచ్ తునక, ఆ తర్వాత సతీశ్ షా వేషాల ఆట, అప్పుడు ఫ్లాప్ షో మీటింగు, మెడికల్ బిల్లులు. ఇక్కడిదాకా వచ్చిన పిల్ల, ఎపిసోడ్ మొదట్లో భట్టి ఇచ్చే అంకితం విని, తమ బడిలో ఎవరికి అలాంటిది ఇవ్వొచ్చో తనే లెక్కలు వేయడం మొదలుపెడుతుంది. బస్సు ఆలస్యంగా తెచ్చే డ్రైవరుకా, ఆటల పీరియడ్ లాక్కునే లెక్కల టీచరుకా అని ఇంట్లో వాదన జరుగుతుంది. ఆ వాదన జరిగిన ఇంట్లో ఇక ఫోన్ ఎపిసోడ్ వేయొచ్చు.